అమ్మ ఫోన్‌లో ఎవరివో ఫోటోలు, ఎవరివో నంబర్లు. కొత్త అకౌంట్ పెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

చిన్నకూతురు_మల్కాజిగిరి

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మా అమ్మకి 63 ఏళ్లు. నాన్న పోయాక ఒక్కతే ఉంటుంది, మా ఇంటికి రెండు వీధుల అవతల. మూడేళ్ల కింద మా తమ్ముడు అబిడ్స్‌లో ఫోన్ కొనిచ్చినప్పుడు షాపు అబ్బాయే "జీమెయిల్ లేదా ఆంటీ, నేను పెట్టిస్తా" అని రెండు నిమిషాల్లో ఏదో అకౌంట్ వేసి ఫోన్ చేతిలో పెట్టాడు. పాస్‌వర్డ్ ఏంటని మేమూ అడగలేదు, అతనూ చెప్పలేదు. ఫోన్ నడుస్తోంది కదా అని ఊరుకున్నాం.

పోయిన ఆదివారం అమ్మ ఫోన్ పట్టుకొచ్చి "ఈ పిల్ల ఎవరే?" అని చూపించింది. గూగుల్ ఫోటోస్‌లో ఎవరిదో మొదటి పుట్టినరోజు. గులాబీ రంగు గౌను, గోడకి బెలూన్లు, కేకు మీద ఒకటో అంకె కొవ్వొత్తి. కిందికి జరుపుతూ పోతే ఎవరిదో ఆధార్ కార్డు, కడుతున్న ఇంటి స్లాబు ఫోటోలు. కాంటాక్ట్స్ తెరిస్తే "సెంట్రింగ్ మేస్త్రి ఉప్పల్", "వాటర్ క్యాన్ కొత్త", "చిట్టీ అక్క". వీళ్లెవరూ అమ్మకి తెలియదు. ఎవరో ఫోన్‌లోకి దూరారని అమ్మ భయం, అప్పటి నుంచి బ్యాంకు మెసేజ్ టింగుమంటే చాలు నాకు ఫోన్ చేస్తోంది. ఆ టెన్షన్‌లోనే ఆ పిల్ల ఫోటోలు ఓ పాతిక దాకా డిలీట్ కూడా చేసేసింది.

అమ్మ పేరు మీద సొంతంగా కొత్త అకౌంట్ పెట్టాలని ఉంది. ఫోన్ ఒక్కటే కాదు, హాల్లో ఆండ్రాయిడ్ టీవీ కూడా అదే అకౌంట్‌తో ఉంది, మా 8 ఏళ్ల బాబు వాడే ట్యాబ్ కూడా అక్కడే ఉంటుంది. ఒక్కటే భయం. నాన్న ఫోటోలు, ఆయన చివర్లో పంపిన వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు ఆ ఫోన్‌లోనే ఉన్నాయి. వాటిలో ఒక్కటి పోయినా అమ్మ తట్టుకోలేదు. తమ్ముడేమో ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి మొదటి నుంచి పెడదాం అంటున్నాడు. నాకు చేతులు ఆడట్లేదు. ముందు ఏం చేయాలి?

సర్వీస్‌టేబుల్_కోఠి

అక్కా, తమ్ముడికి ముందు ఆగమని చెప్పు. రీసెట్ వద్దే వద్దు. నేను 11 ఏళ్లుగా మొబైల్ సర్వీస్ పనిలోనే ఉన్నాను, ఇలాంటి ఫోన్లు వారానికి ఒకటైనా నా టేబుల్ మీదికి వస్తాయి. పాత అకౌంట్ పాస్‌వర్డ్ తెలియకుండా, ఫోన్ ఆఫ్ చేసి బటన్లు పట్టుకుని తెరిచే రికవరీ మోడ్ నుంచి రీసెట్ కొడితే, ఫోన్ ఆన్ అవగానే ఆ పాత అకౌంటే అడుగుతుంది. దొంగతనం చేసిన ఫోన్ పనికిరాకుండా చేయడానికి 2015లో ఆండ్రాయిడ్ 5.1తో వచ్చిన తాళం అది. దొంగకి పడాల్సిన తాళం మీకే పడుతుంది, పైగా లోపలున్నదంతా పోతుంది.

అమ్మకి ధైర్యం చెప్పు, ఎవరూ దూరలేదు. షాపు అబ్బాయి ఒకే జీమెయిల్‌ని పది మంది కస్టమర్ల ఫోన్లలో వేశాడు, అంతే. అందుకే వాళ్ల నంబర్లు మీకు, మీ నంబర్లు వాళ్లకి. బ్యాంకు డబ్బులు దీంతో కదలవు, యూపీఐ సిమ్ మీద, పిన్ మీద నడుస్తుంది. కానీ తేలిగ్గా తీసుకునే విషయం కూడా కాదు. ఆ అకౌంట్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో వాళ్లు పోయిన ఫోన్ వెతికే గూగుల్ ఫైండ్ హబ్‌లో అమ్మ ఫోన్ ఎక్కడుందో చూడగలరు, కావాలంటే దూరం నుంచే ఫోన్ మొత్తం చెరిపేయగలరు. క్రోమ్‌లో పాస్‌వర్డ్‌లు సేవ్ అయి ఉంటే అవి కూడా వాళ్లకి కనిపించవచ్చు. కాబట్టి ఈ వారంలోనే పని కానివ్వండి, కానీ వరుస తప్పకుండా.

అన్నిటికంటే ముందు ఇవాళే ఆ పాప ఫోటోలు వెనక్కి తెప్పించండి. అమ్మ డిలీట్ చేసినవి ఆ తల్లిదండ్రుల ఫోన్లో కూడా పోయి ఉంటాయి, అకౌంట్ ఒక్కటే కదా. బ్యాకప్ అయిన ఫోటోలు డిలీట్ చేశాక ఫోటోస్ యాప్‌లోని బిన్‌లో, అంటే చెత్తబుట్టలో, 60 రోజులు ఉంటాయి. అక్కడ రీస్టోర్ నొక్కితే ఇద్దరికీ వస్తాయి. ఇక మీదట ఆ అకౌంట్‌లో మీవి కానివి ఏవీ ముట్టుకోవద్దు.

తర్వాత నాన్నగారి ఫోటోలు. ఒక్కో ఫోటో తెరిచి పైన మూడు చుక్కలు నొక్కండి. డౌన్‌లోడ్ అని కనిపిస్తే ఆ ఫోటో ఫోన్‌లో లేదు, గూగుల్ దగ్గర మాత్రమే ఉందని అర్థం. అలాంటివన్నీ డౌన్‌లోడ్ చేయండి. అంతా ఫోన్‌లోకి వచ్చాక కేబుల్ పెట్టి కంప్యూటర్‌లోకో హార్డ్ డిస్క్‌లోకో ఒక కాపీ తీయండి. ఆ కాపీని తెరిచి కళ్లతో చూసుకునే దాకా తర్వాతి అడుగు వేయొద్దు.

నాచారం_బ్యాచిలర్

ఇంత తతంగం ఎందుకండీ, మీ జీమెయిలే అమ్మ ఫోన్‌లో వేసేయండి. పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంటుంది, మర్చిపోయే బాధ ఉండదు. మా ఇంట్లో అందరిదీ నా అకౌంటే.

లెక్కలటీచర్_దిల్‌సుఖ్‌నగర్

అలా చేయకండి అండి. షాపు అబ్బాయి చేసిన పనే మళ్లీ ఇంట్లో మనం చేసినట్టు అవుతుంది. మా నాన్నగారి ఫోన్లో మా అన్నయ్య తన అకౌంట్ వేశాడు. ఆర్నెల్లకి అన్నయ్య ఆఫీసు కాగితాల ఫోటోలు నాన్నగారి ఫోన్లో, నాన్నగారి షుగర్ రిపోర్టులు అన్నయ్య ఫోన్లో. ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అందులోనే మెయిల్, డ్రైవ్, ఫోటోలు, ఇప్పుడు వాట్సాప్ బ్యాకప్ కూడా. ఇద్దరూ కలిస్తే ఎంతసేపు? చివరికి అన్నయ్యకి ఇంటర్వ్యూ మెయిల్ రాకుండా ఇన్‌బాక్స్ నిండిపోయింది.

నేను నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఆయన చేతే పెట్టించాను, గంటన్నర పట్టింది. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, యాడ్ అకౌంట్, గూగుల్, అక్కడ క్రియేట్ అకౌంట్, పర్సనల్ యూజ్. పుట్టినతేదీ ఆధార్‌లో ఉన్నదే ఇవ్వండి, నోటికి వచ్చింది వేస్తే తర్వాత ఎప్పుడైనా అడిగితే గుర్తుండదు. మెయిల్ ఐడీలో మధ్యలో చుక్కలు పెట్టినా పెట్టకపోయినా జీమెయిల్‌కి ఒక్కటే, కాబట్టి అమ్మగారు ఫోన్లో ఎవరికైనా తేలిగ్గా చెప్పగలిగేలా పెట్టండి. పాస్‌వర్డ్ మాత్రం అమ్మగారినే అడగండి. మా నాన్నగారు తను చిన్నప్పుడు చదివిన బడి, పెంచిన ఎద్దు పేరు, ఇంకో రెండు మాటలు కలిపి ఇంగ్లీష్ అక్షరాల్లో తెలుగే రాయించారు. 20 అక్షరాలు దాటింది, ఇప్పటిదాకా ఒక్కసారి మర్చిపోలేదు.

పాస్‌వర్డ్ మర్చిపోతే అకౌంట్ తిరిగి తెరుచుకోవడానికి రికవరీ అని అడుగుతుంది, దానికి అమ్మగారి నంబర్, రికవరీ మెయిల్‌గా మీది ఇవ్వండి. టూ స్టెప్ వెరిఫికేషన్, అంటే పాస్‌వర్డ్ తర్వాత ఇంకో తనిఖీ, ఆన్ చేశాక బ్యాకప్ కోడ్స్ అని 10 వస్తాయి, ఒక్కోటి 8 అంకెలు, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోన్లో పెట్టుకుంటే ఫోన్ పోయిన రోజు అవీ పోతాయి. మా నాన్నగారు కాగితం మీద రాసి బీరువాలో బ్యాంకు పాసుబుక్ కవర్లో పెట్టారు, వాడినదాని మీద అడ్డగీత గీస్తారు. పోయిన ఏడాది ఎంజీబీఎస్‌లో బస్సెక్కుతుంటే ఫోన్ కొట్టేశారు. కొత్త ఫోన్లో ఆ కాగితం మీది మూడో కోడ్‌తో పది నిమిషాల్లో లోపలికి వెళ్లాం.

ఇంకో మాట. "గూగుల్ కస్టమర్ కేర్" అని నెట్‌లో వెతికి దొరికిన నంబర్‌కి దయచేసి ఎవరూ ఫోన్ చేయొద్దు. ఫోన్ చేస్తే పాస్‌వర్డ్ మార్చి ఇచ్చే నంబర్ గూగుల్‌కి లేదు. అక్కడ ఎత్తేది దొంగలే, స్క్రీన్ చూపించే యాప్ వేయిస్తారు, ఓటీపీ అడుగుతారు. ఎవరైనా అలా మోసపోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి.

ఇద్దరుపిల్లల_తల్లి

బాబు ట్యాబ్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా. ట్యాబ్‌లో అమ్మమ్మ అకౌంట్ వేయకండి. బాబుకి 13 ఏళ్లు నిండలేదు కాబట్టి పిల్లల ఫోన్లని పెద్దవాళ్లు చూసుకోవడానికి గూగుల్ ఇచ్చే ఫ్యామిలీ లింక్‌లో మీ అకౌంట్ కింద పిల్లల అకౌంట్ తెరవండి. ఏ యాప్ వేయాలన్నా మీ ఫోన్‌కి అడుగుతుంది, రోజుకి ఎంతసేపు చూడాలో మీరే పెట్టొచ్చు. బాబుని మీతో కూర్చోబెట్టుకుని, ఎందుకు పెడుతున్నారో చెప్పి పెట్టండి. చెప్పకుండా పెడితే మా పెద్దాడు వారం రోజులు మాట్లాడలేదు. తప్పు చేసినట్టు చూస్తున్నారని అనుకున్నాడు పాపం.

చిన్నకూతురు_మల్కాజిగిరి

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. పాప ఫోటోలు బిన్‌లో దొరికాయి, మొత్తం 27, రీస్టోర్ చేశాం. నాన్న ఫోటోలు ల్యాప్‌టాప్‌లోకి తీసుకున్నాను. రెండు డౌట్లు. అమ్మ వాడే నంబర్ ఇంకా నాన్న పేరు మీదే ఉంది, దాన్ని రికవరీకి ఇవ్వొచ్చా? ఇంకోటి, ఆ పాత అకౌంట్‌లో మా ఫోటోలు వేరేవాళ్లకి కనిపిస్తూనే ఉంటాయి కదా, వాటిని ఎలా తీసేయాలి? నాన్న పాత ఫోన్ కూడా బీరువాలో ఉంది, దాంట్లో ఆయన సొంత జీమెయిల్ ఉంది.

సర్వీస్‌టేబుల్_కోఠి

నంబర్ ఇవ్వొచ్చు అక్కా, కోడ్ వచ్చేది సిమ్‌కి. కానీ తీరిక చూసుకుని కంపెనీ స్టోర్‌కి వెళ్లి మరణ ధృవీకరణ పత్రం, అమ్మ ఆధార్ చూపించి నంబర్ అమ్మ పేరు మీదికి మార్పించండి. సిమ్ పోతే డూప్లికేట్ తీసుకోవడానికి అమ్మే సంతకం పెట్టగలగాలి. రీఛార్జ్ ఆగకుండా చూసుకోండి. నంబర్ మూతపడితే 90 రోజుల తర్వాత ఇంకొకరికి ఇచ్చేయొచ్చు, అప్పుడు అమ్మ కోడ్‌లు ఆ కొత్తాయనకి వెళ్తాయి.

ఫోటోల సంగతి. ముందు పాత అకౌంట్‌లో బ్యాకప్ ఆఫ్ చేయండి. ఫోటోస్ యాప్‌లో ఊరికే డిలీట్ నొక్కితే ఫోన్‌లోంచి కూడా పోతుంది, జాగ్రత్త. ఇప్పటి వెర్షన్‌లో బ్యాకప్ సెట్టింగ్స్ అడుగున అన్‌డూ బ్యాకప్ ఫర్ దిస్ డివైస్ అని ఉంటుంది. అది ఈ ఫోన్ నుంచి పైకెళ్లిన వాటిని మాత్రమే గూగుల్ దగ్గర తీసేస్తుంది, ఫోన్లో ఉన్నవి ఉంటాయి, పాప ఫోటోల జోలికి పోదు. ల్యాప్‌టాప్‌లో కాపీ ఉంది కాబట్టి ధైర్యంగా చేయొచ్చు.

ఆ తర్వాత అమ్మకి తెలిసిన నంబర్లు మాత్రం ఎంచుకుని కొత్త అకౌంట్‌లోకి మూవ్ చేయండి. వాట్సాప్‌లో చాట్ బ్యాకప్‌కి వెళ్లి గూగుల్ అకౌంట్ దగ్గర కొత్తది పెట్టి, వైఫై మీద ఒకసారి పూర్తి బ్యాకప్ కొట్టండి. వాయిస్ మెసేజ్‌లు ఎలాగూ ఫోన్లోనే ఉంటాయి, అయినా నాన్నగారివి ఒక్కొక్కటి షేర్ కొట్టి మీ వాట్సాప్‌కి పంపుకోండి. ఇవన్నీ అయ్యాకే పాత అకౌంట్‌ని రిమూవ్ చేయాలి. టీవీలో కూడా అకౌంట్స్‌లోకి వెళ్లి పాతది తీసి కొత్తది వేయండి, అది ఐదు నిమిషాల పని.

లెక్కలటీచర్_దిల్‌సుఖ్‌నగర్

నాన్నగారి జీమెయిల్ గురించి. రెండేళ్లు ఎవరూ తెరవని అకౌంట్లని గూగుల్ తీసేయొచ్చు, 2023 డిసెంబర్ నుంచి ఆ పద్ధతి అమల్లో ఉంది. ఆ ఫోన్ ఇవాళే ఛార్జింగ్ పెట్టి, తెరుచుకుంటే అందులో ఉన్నది దించుకోండి. తీసేశాక తిరిగి రాదు.

చిన్నకూతురు_మల్కాజిగిరి

అయిపోయింది అండి. నిన్న సాయంత్రం ఆరింటికి మొదలుపెడితే తొమ్మిదిన్నర అయింది. అమ్మే అన్నీ నొక్కింది, నేను పక్కన చెప్తూ కూర్చున్నాను. పాస్‌వర్డ్ టైప్ చేసేటప్పుడు "నువ్వు అటు తిరుగు" అంది. కోడ్‌ల కాగితం వెంకటేశ్వరస్వామి పటం వెనక పెడతానంటే బీరువాలో పెట్టించాను. నాన్న ఫోన్ కూడా ఆన్ అయింది, అందులో మా పెళ్లి నాటి ఫోటోలు మేమెవరం చూడనివి 40 దాకా దొరికాయి.

పాత అకౌంట్ తీసేసే ముందు అమ్మ ఆపింది. "ఆ పిల్ల తల్లికి చెప్పొద్దా? వాళ్లకీ తెలియదేమో" అంది. కాంటాక్ట్స్‌లో "మమ్మీ కొత్త నంబర్" అని ఒకటి ఉంటే మొహమాటపడుతూనే చేశాను. బోడుప్పల్‌లో ఉంటారట, వాళ్ల అమ్మాయి కూడా ఆ షాపులోనే ఫోన్ కొన్నదట. మొదట దొంగ ఫోన్ అనుకుని పెట్టేశారు. రెండోసారి అమ్మ మాట్లాడింది. అప్పుడు ఆవిడ అడిగారు, "దండ వేసిన ఫోటో మీవారిదేనా అమ్మా? ఎవరో పెద్దాయన, మా ఫోన్లోకి ఎలా వచ్చారో తెలియక, తీసేయడానికి చేయి రాక అలాగే ఉంచాం" అని.

వాళ్లమ్మాయికి ఈ థ్రెడ్ లింక్ పంపించాను. వాళ్లు ఈ ఆదివారం కూర్చుంటారట. ఏదైనా డౌట్ వస్తే ఇక్కడే అడుగుతుంది, కాస్త చూడండి.