నీలి లైటు వేస్తే ఎలక్ట్రోడ్ సిగ్నల్ పాడవుతోంది, ఏం చేయాలి?

నమస్కారం. హనుమకొండలో పీహెచ్‌డీ చేస్తున్నాను. చిట్టెలుక మెదడు స్లైసుల్లో ఎలక్ట్రోడ్ రికార్డింగ్, జీక్యాంప్6 (కణంలో క్యాల్షియం పెరిగినప్పుడు నీలి కాంతి కింద మెరిసే ప్రోటీన్) ఇమేజింగ్ రెండూ ఒకేసారి చేయాలి. న్యూరాన్ స్పైక్, అంటే దాని విద్యుత్ స్పందన, దాదాపు ఒక మిల్లీసెకనులో అయిపోతుంది. క్యాల్షియం వెలుగు తగ్గడానికేమో వందల మిల్లీసెకన్లు పడుతుంది. ఎప్పుడు జరిగిందో ఎలక్ట్రోడ్ చెప్పాలి, ఏ కణంలోనో కెమెరా చెప్పాలి. ఏ ఒక్కటి వదిలేసినా నా పనికి అర్థం లేదు.

470 నానోమీటర్ల ఎల్ఈడీ వెలిగినా, ఆరినా టంగ్‌స్టన్ ఎలక్ట్రోడ్‌లో సిగ్నల్ ఒక్కసారిగా ఎగిరిపడుతోంది. స్లైస్ లేకుండా ఉత్త సెలైన్‌లో పెట్టినా అంతే. ఎల్ఈడీకి నల్ల కాగితం అడ్డం పెడితే పోతోంది, కాబట్టి ఎల్ఈడీకి కరెంటు ఇచ్చే డ్రైవర్ తీగల నుంచి వచ్చేది కాదు. లోహం మీద కాంతి పడటం వల్లే. స్పైకులను ఫిల్టర్‌తో కొంత కాపాడుకోగలను. నెమ్మదిగా కదిలే ఫీల్డ్ పొటెన్షియల్ (చుట్టుపక్కల ఎన్నో కణాల ఉమ్మడి సిగ్నల్) మాత్రం పూర్తిగా అందులో కలిసిపోతోంది, నాకు ముఖ్యమైనది అదే.

గాజు పిపెట్‌కు మారితే వెండి తీగ కాంతికి దూరంగా ఉంటుంది కదా, గంటల తరబడి రికార్డింగ్ నిలుస్తుందా? ఎల్ఈడీ ఆర్పకుండా ఉంచితే బ్లీచింగ్ (కాంతికి ప్రోటీన్ మెరుపు తగ్గిపోవడం) ఎంత? పారదర్శక గ్రాఫీన్ (అతి పలచని కార్బన్ పొర) ఎలక్ట్రోడ్లు 2014 నుంచే పరిశోధన పత్రాల్లో ఉన్నాయి. వాటిని మన దగ్గర ఎవరైనా తయారు చేస్తున్నారా?

హైదరాబాద్‌లో ఇలాంటి సెటప్ ఉన్నవాళ్లు ఒప్పుకుంటే కాజీపేటలో రైలెక్కి వచ్చి చూస్తాను. దయచేసి చెప్పండి.