2024 లోక్‌సభ ప్రచారం: సభలు లెక్కపెడితే నాయకుడి పనితీరు తెలుస్తుందా?

ప్రశ్న: మానేరు_గట్టు

అందరికీ నమస్కారం. ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ చదువుతున్నాను. 2024 లోక్‌సభ ఎన్నికల ప్రచారం మీద ప్రాజెక్టు రాయాలి. పార్టీల వ్యూహాలు ఒక అధ్యాయం, నాయకుల పనితీరు ఇంకో అధ్యాయం. మొదటిది ఎలాగో ఒక కొలిక్కి తెచ్చాను. రెండో దాని దగ్గర ఆగిపోయాను.

ఎవరు ఎన్ని సభలు పెట్టారు, ఎన్ని రోడ్‌షోలు చేశారు అన్నది పేపర్లలోంచి ఏరి ఒక పట్టిక వేశాను. మోదీ గారివి సభలు, రోడ్‌షోలు అన్నీ కలిపి 206 అని వచ్చింది. దాని పక్కన ఫలితాలు పెట్టి చూస్తే ఏదీ దేనికీ అతకడం లేదు. 2019లో 303 వచ్చిన బీజేపీ 240కి దిగింది. 52 ఉన్న కాంగ్రెస్ 99కి చేరింది. అదే బీజేపీ మన తెలంగాణలో 4 నుంచి 8కి ఎక్కింది. నాయకుడు అతనే, నినాదం అదే, ఒకచోట లాభం, ఒకచోట నష్టం. కేసీఆర్ గారు ఆ ఎండల్లో బస్సు యాత్ర చేసినా ఒక్క సీటూ రాలేదు. అంటే ఆయన ప్రచారం సరిగా చేయలేదని రాయాలా?

నాయకుడి ప్రచారాన్ని దేనితో కొలవాలి? ఏ పార్టీ మంచిదన్న చర్చలోకి వెళ్లొద్దు, దయచేసి. ఊళ్లలో తిరిగినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

జవాబు 1: పాలమూరు_సర్వే

తమ్మీ, నేను తిరిగిన. 2023 నవంబర్ల అసెంబ్లీకి, మళ్ల 2024 ఏప్రిల్-మే నెలలల్ల లోక్‌సభకు, రెండుసార్లూ మహబూబ్‌నగర్ లోక్‌సభ కిందికొచ్చే ఊర్లల్ల సర్వే పని చేసిన. ట్యాబ్ పట్టుకొని ఇంటింటికి పోవుడు, అడుగుడు, నొక్కుడు. ఆ అంకెలు మాకు పైసలిచ్చినోళ్లవి, ఇక్కడ పెట్టను. కండ్లతోటి చూసింది చెప్త.

ముందు ఒక చిన్న సంగతి. లోక్‌సభ సర్వే మొదటి విడతల "మీ ఓటు ఎవరికి?" అన్న ప్రశ్న ముందుండె, "ప్రధానిగ ఎవరుండాలె?" అన్నది దాని తర్వాత వచ్చేది. రెండో విడతకు వరుస మార్చి పంపిన్రు. అదే ఊరు, అదే వాడకట్టు, జవాబుల తీరు మారింది. ప్రధాని ముచ్చట ముందడిగితే ఒక రకం, ఊరి ముచ్చట తోటి మొదలువెడితే ఇంకో రకం. అప్పటిసంది నాకు ఒకటి పట్టుకుంది: ప్రచారంల నాయకుడు చేసే అసలు పని కూడ ఇదే. ఓటరు మనసుల ఏ ప్రశ్న ముందుకు రావాలె అన్నది తేల్చుడు. నువ్వు కొలవాలనుకుంటే దాన్ని కొలువు.

మక్తల్ దిక్కు ఒక ఊర్ల ఉపాధి పని కాడికి పోయిన. ఏప్రిల్ నెల, పొద్దున తొమ్మిది కాలే, అప్పటికే ఎండ మండుతున్నది. నవంబర్ల నేను అడిగిన ఆమెనే మళ్ల కనవడ్డది, నలభై ఐదేండ్లుంటయి. అప్పుడు ఆమె ఫ్రీ బస్సు, ఐదు వందలకు గ్యాసు అని వేళ్లమీద లెక్కవెట్టి చెప్పింది, చెయ్యి గుర్తు అన్నది. ఈసారి ప్రధాని ప్రశ్న ముందడిగిన. నెత్తి మీది మట్టిగంప దించకుండనే మోదీ పేరు చెప్పింది. ఓటు ఎవరికమ్మా అన్న. అప్పుడు గంప కింద పెట్టింది, పని చూసే మేట్ దిక్కు ఒకసారి చూసింది, గొంతు తగ్గించి అన్నది: "గప్పుడు ఊరి ముచ్చట సారూ. గిది ఢిల్లీ ముచ్చట గాదా?"

ఆమెకు కాంగ్రెస్ మీద కోపం లేదు. బస్సు ఎక్కుతున్నది, సంతోషంగనే ఉన్నది. కానీ ఆమె లెక్కల ఈ ఎన్నిక వేరే ప్రశ్నకు జవాబు. రాష్ట్రం మొత్తం అంకెలు చూసినా ఇదే కనవడ్తది. నవంబర్ల కాంగ్రెస్‌కు 39 శాతం, బీఆర్‌ఎస్‌కు 37, బీజేపీకి 14. మే నెలల కాంగ్రెస్ 40, బీజేపీ 35, బీఆర్‌ఎస్ 17కు లోపలే. ఐదున్నర నెలల్ల ఇంత ఓటు అటు నుంచి ఇటు పోయిందంటే అది ఉపన్యాసాల గొప్పతనం కాదు. ఓటరు ముందున్న ప్రశ్న మారింది.

ఇగ కేసీఆర్ సంగతి. ఆయన బస్సు యాత్రకు జనం మంచిగనే వచ్చిన్రు. కరెంటు పోతున్నది, పంటలు ఎండినయి, రైతుబంధు ఆలస్యమైంది అని ఆయన చెప్తుంటే తలకాయలు ఊపుడు నేను చూసిన. ఆయన మాట్లాడే తీరుల లోపం లేకుండె. కానీ అవన్నీ అసెంబ్లీ ప్రశ్నలు. "ఢిల్లీల మీరేం చేస్తరు?" అన్న దానికి ఆయన దగ్గర జవాబు లేకుండె. మీదికెళ్లి మార్చిలనే కవిత అరెస్టయింది. వరంగల్ టికెట్ ఇచ్చిన కడియం కావ్య ఆ టికెట్ వదిలి కాంగ్రెస్‌ల చేరి, అక్కడే గెలిచింది. సిరిసిల్లల అన్న మాటలకు ఎన్నికల సంఘం కేసీఆర్‌ను 48 గంటలు ప్రచారం చేయొద్దన్నది. ఇన్ని కలిస్తే బస్సు ఎన్ని కిలోమీటర్లు తిరిగినా ఏమైతది? నువ్వు "పనితీరు బాగలేదు" అని రాస్తే అన్యాయం చేసినట్టే. తప్పిన ప్రశ్న పట్టుకొని బాగ మాట్లాడిండు అని రాయి.

రేవంత్ రెడ్డికి ఈ ప్రమాదం సమజైంది. మొదట్ల వంద రోజుల పాలన మీదనే నడిపిండు. అది సాలదని తెలిసినంక, కేంద్రం తెలంగాణకు ఇచ్చింది "గాడిద గుడ్డు" అని ఆ బొమ్మ పట్టుకొని తిరిగిండు. ఈ మాట గొప్పతనం ఏందంటే, వివరించాల్సిన అవసరం లేదు. ఇంట్ల పెద్దోళ్లు తిట్టే తిట్టు అది. నేను పోయిన ఊర్లల్ల పిల్లలు సుత ఆ మాట అంటుండ్రి. ఆగస్టు 15 లోపల రుణమాఫీ చేస్తనని ఏ ఊరికి పోతే ఆ ఊరి దేవుని మీద ఒట్టు పెట్టిండు. బీజేపీ గెలిస్తే రిజర్వేషన్లు పోతయన్న మాట ఎత్తిండు. ఓటు శాతం నిలవెట్టుకున్నడు, 8 సీట్లు వచ్చినయి. కానీ సొంత పాలమూరు 4,500 ఓట్ల తేడాతోటి పోయింది. 2019ల తను గెలిచిన మల్కాజిగిరి 3.9 లక్షల తేడాతోటి పోయింది. పట్నంల ప్రధాని ప్రశ్న ఎంత గట్టిగ నాటుకుందో ఆ అంకెనే చెప్తది. నా లెక్కల రేవంత్ ప్రచారం సగం పారింది.

బీజేపీ ఇక్కడ కొత్తగ చేసింది పెద్దగ లేదు. మోదీ మొఖం, జనవరిల ఇంటింటికి వచ్చిన అయోధ్య అక్షింతలు. ఆ అక్షింతలు దేవుని పటం కాడ చిన్న పొట్లంల దాచుకున్న ఇండ్లు నేను మస్తు చూసిన. ఏప్రిల్ల సుత అట్లనే ఉన్నయి. సభ అయితే రెండు గంటలల్ల అయిపోతది. పొట్లం నాలుగు నెలలు ఆ ఇంట్లనే ఉన్నది.

జవాబు 2: లెక్కల_మాస్టారు

పాలమూరు గారు చెప్పింది బాగుంది. దానికి అంకెల వైపు నుంచి కొంత కలుపుతాను.

బీజేపీ దేశం మొత్తం మీద పోగొట్టుకున్నది ఒక్క శాతం ఓటు కూడా లేదు. 2019లో 37.4, 2024లో 36.6. సీట్లు మాత్రం 63 తగ్గాయి. ఒడిశాలో 21కి 20 వచ్చాయి. యూపీలో 62 నుంచి 33కి పడింది. రాజస్థాన్‌లో 14, హర్యానాలో 10కి 5. ఒకచోట పెరిగిన ఓటు ఇంకోచోట పోయిన ఓటును జాతీయ సగటులో కప్పేసింది. కాబట్టి మీ పట్టికలో ఫలితాన్ని దేశం మొత్తానికి ఒకే వరుసగా పెట్టారంటే అక్కడే తప్పు జరిగింది. రాష్ట్రాలవారీగా విడగొట్టండి.

పోలింగ్‌కు ముందు సీఎస్‌డీఎస్-లోక్‌నీతి పరిశోధన సంస్థ చేసిన సర్వేలో ఓటుకు ముఖ్యమైన విషయం ఏదని అడిగితే నిరుద్యోగమన్నవారు 27 శాతం, ధరలన్నవారు 23 శాతం. రామమందిరం అన్నవారు 8 శాతం. అంటే నేలమీద ఒక ప్రశ్న సిద్ధంగా ఉంది, దాన్ని ఎత్తుకునేవాళ్లు కావాలి.

బీజేపీ "400 పార్" (400 సీట్లు దాటుతాం) నినాదాన్ని ప్రత్యేకంగా చూడమని నా మాట. గెలుపు ఖాయమైపోయింది, ఇక ఎంతతో అన్నదే మిగిలింది అని చెప్పడానికి పుట్టిన నినాదం అది. కానీ వినేవాడికి వెంటనే ఇంకో ప్రశ్న పుడుతుంది: మెజారిటీకి 272 చాలు కదా, 400 ఎందుకు? దానికి జవాబు ప్రతిపక్షం వెతుక్కోవాల్సిన పని లేకుండా ఆ పార్టీవాళ్లే ఇచ్చారు. మార్చిలో కర్ణాటక ఎంపీ అనంత్‌కుమార్ హెగ్డే రాజ్యాంగ మార్పు గురించి మాట్లాడారు. పార్టీ ఆయనకు టికెట్ ఇవ్వలేదు. ఫైజాబాద్ అభ్యర్థి లల్లూ సింగ్ కూడా అదే మాట అన్నారు. రాహుల్ గాంధీ ఎర్ర అట్ట రాజ్యాంగం చేతిలో పట్టుకుని సభల్లో చూపించారు. రాహుల్ గారి ఉపన్యాసాలు అన్నీ ఒకే స్థాయిలో లేవు. అయినా ఆ చిన్న పుస్తకం పని చేసింది. రిజర్వేషన్ మీద బతుకు ఆధారపడ్డ కుటుంబానికి దాని అర్థం వెంటనే తెలుస్తుంది.

అయోధ్య ఉన్న ఫైజాబాద్‌లో లల్లూ సింగ్ 54,567 ఓట్లతో ఓడిపోయారు. గెలిచిన సమాజ్‌వాదీ పార్టీ (ఎస్పీ) అభ్యర్థి అవధేశ్ ప్రసాద్ దళితుడు, అది జనరల్ సీటు. ఇక్కడ మెచ్చుకోవాల్సింది ఆ పార్టీ నేత అఖిలేశ్ యాదవ్‌ని. ఈసారి యాదవులకు ఐదు టికెట్లే ఇచ్చారు, అన్నీ సొంత కుటుంబానికే. మిగతావాటిలో ఎక్కువ భాగం ఇతర వెనుకబడిన కులాలకు, దళితులకు పంచారు. అది కూడా ప్రచారమే. అభ్యర్థి పేరు చదవగానే ఓటరుకు సందేశం అందింది. మైకు పట్టుకోకముందే సగం పని అయిపోయింది. ఎస్పీ 5 నుంచి 37కి వెళ్లింది. మాయావతి గారు మే 7న, పోలింగ్ నడుమనే, మేనల్లుడు ఆకాశ్ ఆనంద్‌ని బాధ్యతల నుంచి తప్పించారు. బీఎస్పీకి ఒక్క సీటూ రాలేదు.

జవాబు 3: విశాఖ_తీరం

మా ఆంధ్రా సంగతి కూడా కలుపుకోండి, మీ ప్రాజెక్టుకి పనికొస్తుంది. ఇక్కడ అసెంబ్లీకి, లోక్‌సభకి ఒకే రోజు, మే 13న ఓటేశాం. అందుకే ప్రధాని ప్రశ్న అసలు వినిపించలేదండి. ఎన్‌డీఏ కూటమి ఒకవైపు, ఒంటరిగా వైసీపీ ఇంకోవైపు. మోదీ గారిని గట్టిగా విమర్శించే పెద్ద పార్టీ లేదు. మొత్తం పోరు జగన్ గారి పాలన మీదే.

ఇక్కడ నన్ను కదిలించింది ఒక పాస్‌బుక్కు. మా నాన్నగారికి కొత్త పట్టాదారు పాస్‌బుక్ వచ్చింది, అట్ట మీద ముఖ్యమంత్రి ఫొటో. ఆయన దాన్ని తీసుకొచ్చి భోజనాల బల్ల మీద పెట్టి, "ఇది మా తాతల భూమి, దీని మీద ఈ బొమ్మేంట్రా?" అని చాలాసేపు అలాగే కూర్చున్నారు. భూమి హక్కుల మీద తెచ్చిన ల్యాండ్ టైట్లింగ్ చట్టంలో ఏముందో ఆయన చదవలేదు. టీడీపీ ఆ చట్టం మీద చేసిన ప్రచారం ఆయనకి నచ్చజెప్పక్కర్లేకుండానే ఎక్కింది. ఎందుకంటే అట్ట అప్పటికే ఇంట్లో ఉంది. వైసీపీ ఎంత వివరణ ఇచ్చినా ఆ ఫొటోని దాటలేకపోయింది.

పవన్ కళ్యాణ్ గారి గురించి ఒక్కమాట. చంద్రబాబు గారు ఉన్న రాజమండ్రి జైలు బయట నిలబడి టీడీపీతో పొత్తు ప్రకటించిన రోజునుంచి, 24 అసెంబ్లీ సీట్లని 21కి తగ్గించుకుని బీజేపీకి చోటు ఇచ్చేదాకా, ఆయన చేసిన అసలు పని ఓటు చీలకుండా చూడటం. దానికోసం సొంతవాళ్ల చేతే మాటలు పడ్డారు. 21కి 21 గెలిచారు. వైసీపీకి 39 శాతం ఓట్లు వచ్చి కూడా 11 అసెంబ్లీ సీట్లే దక్కాయంటే ఆ పొత్తు బలం ఎంతో చూడండి. సభల పట్టికలో ఇది ఎక్కడ కనిపిస్తుంది?

మానేరు_గట్టు

అందరికీ కృతజ్ఞతలు. పట్టిక తీసేస్తున్నాను. రెండో అధ్యాయాన్ని తేదీల వరుసలో రాస్తాను: ఏ ప్రశ్న ఎప్పుడు పుట్టింది, ఎవరు ఎత్తుకున్నారు, ఎవరు తప్పించుకోలేకపోయారు.

పాలమూరు అన్నా, ఒక్క సందేహం. జూన్ 1న ఎగ్జిట్ పోల్స్ చాలావరకు ఎన్‌డీఏకు 350 దాటుతాయన్నాయి, వచ్చింది 293. జనం సర్వేలవాళ్లకు అబద్ధం చెప్తారా?

పాలమూరు_సర్వే

నేను చూసినంతల అబద్ధాలాడరు తమ్మీ. ఆగిపోతరు. దేవరకద్ర దిక్కు ఒక ఇంట్ల పెద్దమనిషి మంచం మీద కూసొని అన్ని ప్రశ్నలకు సాఫ్‌గ చెప్పిండు, పంట, నీళ్లు, కొడుకు పుణెకు పోయిన సంగతి. ఓటు ప్రశ్న రాంగనే దర్వాజ దిక్కు చూసిండు. అక్కడ పక్కింటాయన నిలవడి ఉన్నడు. "ఇంక అనుకోలే" అన్నడు. ఆయన అనుకున్నడని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. నేను "చెప్పలేదు" అన్న గడి నొక్కి లేచిన.

నీకు ఏ సర్వే దొరికినా ముందు ఆ గడి ఎంత ఉన్నదో చూడు. దాన్ని మిగతా పార్టీలకు ఎట్ల పంచిన్రో అడుగు.