ఒప్పందం చెడగొట్టిన మూడో మనిషి మీద కేసు నిలుస్తుందా?

ఓరుగల్లు కారం: హనుమకొండలో మాది చిన్న పచ్చళ్ల యూనిట్. పరకాల వైపు కొందరు రైతులతో చపాటా మిర్చికి నారు పోసేటప్పుడే ధర మాట్లాడుకుని, అడ్వాన్స్ ఇచ్చి, కాగితం రాసుకున్నాం. కోతలయ్యాక ఒక వ్యాపారి ఆ కాగితం చూసి కూడా, క్వింటాలుకు రెండు వేలు ఎక్కువిస్తా, అడ్వాన్స్ నేనే తిరిగి కడతా అని సరుకు ఎత్తుకుపోయాడు. రైతుల మీద కోపం లేదు. వ్యాపారి మీద కేసు వేయొచ్చా?

ఎనుమాముల గేటు: ఎక్కువ ధర ఇవ్వడం నేరమైతే ముందు యార్డుకు తాళం వేయాలి.

కోర్టు గుమాస్తా: నేరం కాదు, సివిల్ తప్పు. లండన్‌లో ఒక థియేటర్‌తో ఒప్పందమున్న గాయనిని పోటీ థియేటర్ వాడు లాగేసుకుంటే, అతనిపై దావా వేయొచ్చని 1853లో కోర్టు చెప్పింది. అక్కడి నుంచే ఈ సూత్రం మనదాకా వచ్చింది. ఒప్పందం ఉందని అతనికి తెలుసనీ, కావాలనే తప్పించాడనీ, మీకు నష్టం వచ్చిందనీ మీరే రుజువు చేయాలి.

కాజీపేట జంక్షన్: ఎంత స్టాంప్ పేపర్ మీద రాశారు?

ఎనుమాముల గేటు: కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 చూడండి సార్. వ్యాపారాన్ని అడ్డుకునే ఒప్పందం చెల్లదు.

కోర్టు గుమాస్తా: ఒప్పందం నడుస్తుండగా వేరేచోటికి పోవద్దనే షరతుకు 27 అడ్డం కాదని 1967లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

కాజీపేట జంక్షన్: స్టాంప్ పేపర్ సంగతి చెప్పలేదు.

కోర్టు గుమాస్తా: సుంకం తక్కువైతే పెనాల్టీతో కట్టుకోవచ్చు అన్నా, వదిలేయ్.

ఎనుమాముల గేటు: మీకు సెక్షన్లే కనిపిస్తాయి. మా నాయిన పెట్టుబడికి అడ్తి (యార్డులో కమీషన్ దుకాణం) దగ్గర అప్పు తెచ్చి, పంట అదే దుకాణానికి వేసేవాడు. పక్క దుకాణంలో పాట ఎక్కువ పలికినా బస్తా కదిలేది కాదు. ఒకాయన ఆ బాకీ నేను కడతానని వస్తే, కేసు పెడతానని అడ్తిదారు బెదిరించి పంపాడు. మీరూ ఆ అడ్తిదారే!

ఓరుగల్లు కారం: నోరు జారకు భయ్యా. నేను వడ్డీకి అప్పివ్వలేదు. రేటు పడిపోయిన ఏడు కూడా మాట్లాడిన ధరకే కొన్నాను.

ఎనుమాముల గేటు: పడినా కొంటానని కాగితంలో ఉందా?

ఓరుగల్లు కారం: అది నోటిమాట.

ఎనుమాముల గేటు: చూశారా. రైతుకు సంతకం, మీకు నోటిమాట. నా గొడవ మొదటి నుంచీ ఇదే, ఆ వ్యాపారి ఎట్లా పోతే నాకేంటి.

కోర్టు గుమాస్తా: నోటిమాటా ఒప్పందమే, రుజువు చేయడమే కష్టం. అన్నిటికన్నా ముందు దావా వేసే గడువు చూసుకోండి. ఒప్పందం తప్పిన రైతు మీదైతే మూడేళ్లు. తప్పించిన వాడి మీద ఏడాదే, లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 78. అడ్వాన్స్ వెనక్కి తీసుకున్నారా? తీసుకుంటే రద్దుకు ఒప్పుకున్నారని వాదిస్తారు.

ఓరుగల్లు కారం: వ్యాపారి కొడుకు ఫోన్‌పే చేశాడు. ఆ రోజే తిప్పి పంపేశాను. ఏడాది ఇంకా కాలేదు.

కోర్టు గుమాస్తా: మంచి పని చేశారు. ఒప్పందం సంగతి తెలియదని ఇక అనలేడు. స్టేట్‌మెంట్ తీసి పెట్టుకోండి. రైతుల్లో ఒక్కరైనా వచ్చి సాక్ష్యం చెప్తారా?

ఓరుగల్లు కారం: ఇంకా అడగలేదు.

ఎనుమాముల గేటు: చెప్పరు. నేనైతే చెప్పను.