బయాలజీ విభాగంతో కలిసి మొదటి సెమిస్టర్ ప్రోగ్రామింగ్ కోర్సు: ఏం ఉంచాలి, ఏం తీసేయాలి?

పాఠ్యప్రణాళిక_14:
డిగ్రీ మొదటి సెమిస్టర్ పైథాన్ కోర్సును బయాలజీ వాళ్లతో కలిసి నడపాలన్న ప్రతిపాదన వచ్చింది. 14 వారాలు, వారానికి మూడు క్లాసులు, రెండు గంటల ల్యాబ్. పాత లెక్కల బదులు బయాలజీ లెక్కలు పెడితే సరిపోతుందా? రికర్షన్‌కి (ఫంక్షన్ తనను తానే పిలుచుకునే పద్ధతికి) చోటెక్కడ? రెండో సెమిస్టర్‌లో డేటా స్ట్రక్చర్స్ ఉంది, రికర్షన్ రాకుండా దానికి పంపలేం. మార్కులు ఏ విభాగం వేయాలి?

కోడాన్64:
కోడ్‌లో ‘విద్యార్థి’ క్లాస్ (ఒక రకం వస్తువుకు అచ్చులాంటి నిర్వచనం) తీసేసి ‘కణం’ క్లాస్ పెడితే ఒరిగేదేమీ లేదండి. ప్రశ్న బయాలజీ నుంచి రావాలి, దానికి ఏది అవసరమో అది ఆ వారం చెప్పాలి. జార్జియా టెక్‌లో 2003లో మొదలైన మీడియా కంప్యుటేషన్ కోర్సు పద్ధతి ఇదే. అక్కడ లూప్ అంటే బొమ్మలో ప్రతి పిక్సెల్ ఎరుపు విలువనూ తగ్గించడం. హార్వీ మడ్ కాలేజీ సీఎస్5 గ్రీన్ మీ అవసరానికి ఇంకా దగ్గర, దాన్ని బయాలజీ మీదే కట్టారు.

మొదటి రెండు వారాలు స్ట్రింగులు, లూపులు: డీఎన్ఏ వరుసలో జీసీ శాతం (‘జీ’, ‘సీ’ అక్షరాల వాటా), తర్వాత రివర్స్ కాంప్లిమెంట్ (ఎదుటి పోగును తిరగేసి రాయడం). డిక్షనరీకి (ఒక పేరిస్తే దాని విలువ ఇచ్చే పట్టికకు) కోడాన్ల, అంటే మూడక్షరాల డీఎన్ఏ ముక్కల పట్టికను మించింది దొరకదు: 64 కోడాన్లలో 61 ఏదో ఒక అమైనో ఆమ్లాన్ని సూచిస్తాయి, 3 ప్రోటీన్‌ను ఆపడానికి. ఆ తర్వాత ఫైళ్లు.

అసలు తంటా ఫైళ్ల దగ్గరే. డీఎన్ఏ వరుసలను దాచే ఫాస్టా ఫైలులో ఒకే వరుస చాలా లైన్లుగా విరిగి ఉంటుంది. లైను లైనుగా వెతికితే ఒక లైను చివర ‘ఏటీ’, తర్వాతి లైను మొదట ‘జీ’ పడిన స్టార్ట్ కోడాన్ (ప్రోటీన్ మొదలయ్యే ‘ఏటీజీ’) దొరకదు. ఎర్రర్ రాదు, లెక్క తగ్గుతుంది అంతే. రిపీట్ భాగాలను చిన్న అక్షరాల్లో ఇచ్చే ఫైళ్లుంటాయి. పెద్ద అక్షరాలనే లెక్కపెట్టే కోడ్ అక్కడ జీసీ శాతాన్ని తక్కువ చూపిస్తుంది. తెలియని చోట ఉండే ‘ఎన్’ను మొత్తం పొడవులో కలపాలా వద్దా అన్నది బయాలజీ టీచర్ చెప్పాల్సిన మాట. శుభ్రం చేసిన ఫైలు ఇచ్చేస్తే ఇవన్నీ మాయమైపోతాయి, కాబట్టి మూడో ల్యాబ్ నుంచి ముడి ఫైలే ఇవ్వండి.

మెమో_పట్టిక:
రికర్షన్‌ను ఫ్యాక్టోరియల్‌తో మొదలుపెట్టకండి. లూప్‌తో అయ్యే పనికి ఇదెందుకని పిల్లలు అడుగుతారు, అడగడంలో తప్పూ లేదు. రెండు డీఎన్ఏ వరుసలను జతపరచమనండి. ప్రతి అడుగులో మూడే దారులు: రెండు అక్షరాలనూ కలపడం, పైన ఖాళీ వదలడం, కింద ఖాళీ వదలడం. కోడ్ పది లైన్లు దాటదు. పది అక్షరాల జతకే 80,97,453 దారులు అవుతాయి, ఇరవై అక్షరాలిస్తే ప్రోగ్రామ్ కదలదు. అప్పుడు మెమోయైజేషన్ (ఒకసారి చేసిన లెక్కను దాచుకుని మళ్లీ వాడడం) చెప్పండి, పది అక్షరాలకు 11×11, అంటే 121 గడులే నింపాలి. పరిణామ వృక్షాన్ని జాబితాలో జాబితాగా ఇచ్చి ఆకులు లెక్కపెట్టిస్తే ట్రీలకూ పునాది పడుతుంది. నాలుగు వారాలు కేటాయించండి. వాటి కోసం కోడ్‌లోని క్లాసులు, ఇన్‌హెరిటెన్స్ రెండో సెమిస్టర్‌కి వెళ్లాల్సిందే.

రెండు_సంతకాలు:
మార్కుల సంగతి. మొత్తం మార్కు ఒక విభాగానికే వదిలేస్తే రెండోవాళ్లు నెలలో అతిథులైపోతారు. ప్రతి ప్రాజెక్టుకూ రెండు భాగాలు పెట్టండి. కోడ్ నడుస్తోందా, టెస్టులు ఉన్నాయా అన్నది కంప్యూటింగ్ వాళ్లు చూస్తారు. వచ్చిన జవాబు జీవశాస్త్రపరంగా నిలుస్తుందా అన్నది బయాలజీ వాళ్లు. రెండింటిలోనూ విడివిడిగా పాసవ్వాలి.

రెండో భాగానికి మంచి పరీక్ష: జీన్ల స్థానాలు రాసే ఫైళ్లలో రెండు రకాలు, బెడ్, జీఎఫ్ఎఫ్. బెడ్ ఫైలు సున్నా నుంచి లెక్కపెడుతుంది, చివరి స్థానాన్ని కలుపుకోదు. జీఎఫ్ఎఫ్ ఒకటి నుంచి లెక్కపెట్టి చివరిదాన్నీ కలుపుతుంది. మొదటి వంద బేసులు ఒకదాంట్లో 0–100, ఇంకోదాంట్లో 1–100. కలిపి వాడేటప్పుడు ఒకటి తేడా కొడితే రీడింగ్ ఫ్రేమ్ (మూడేసి అక్షరాలుగా చదివే వరుస) జరిగి ప్రోటీన్ మొత్తం మారిపోతుంది. పైథాన్ స్లైస్ (వరుసలోంచి ఒక ముక్క తీయడం) బెడ్ లాగే పనిచేస్తుంది కాబట్టి రెండు విభాగాలకూ ఇది ఉమ్మడి పాఠం.

స్ప్రెడ్‌షీట్ గొడవ కూడా ఒక గంట చూపించండి. మార్చ్1 అనే జీన్ పేరును ఎక్సెల్ తారీఖుగా మార్చేసేది. ఇలాంటి ఇబ్బందుల వల్లే 2020లో జీన్ నామకరణ కమిటీ దాన్ని మార్చ్ఎఫ్1 చేసింది.

పాఠ్యప్రణాళిక_14:
బయాలజీ చదవని కంప్యూటర్ సైన్స్ పిల్లల మాటేమిటి? ఇద్దరు టీచర్లకూ పూర్తి పనిగంటలు దొరకవేమో కూడా.

కోడాన్64:
మొదటి వారం ఒక క్లాసులో డీఎన్ఏ నుంచి ప్రోటీన్ దాకా చెబితే చాలు, అంతకు మించిన బయాలజీ ఈ కోర్సుకు అక్కర్లేదు. ల్యాబ్‌లో మాత్రం జంటల్ని మీరే వేయండి, ఒక్కో విభాగం నుంచి ఒక్కొక్కరు. వారం వారం కీబోర్డ్ చేతులు మారాలి, లేకపోతే ఒకరు టైపిస్టు, ఒకరు ప్రేక్షకుడు.

రెండు_సంతకాలు:
పనిగంటలు ముందే రాతపూర్వకంగా తేలాలి. సగం సగం లెక్కేస్తే ఎవరి క్లాసుకు వాళ్లు వచ్చి పోతారు, ఒకరేం చెప్పారో ఇంకొకరికి తెలియదు. ఇద్దరికీ పూర్తి పనిగంటలు కుదరకపోతే ఉమ్మడి కోర్సు వద్దు. హార్వర్డ్‌లో ఫిలాసఫీ వాళ్లు కంప్యూటర్ సైన్స్ కోర్సుల్లోకి వచ్చి ఎథిక్స్ మాడ్యూళ్లు చెప్పే పద్ధతి ఉంది. అలాగే ఈ ఏడాదికి జతపరచడం మీద రెండు వారాల మాడ్యూల్ ఒక్కటి పెట్టి, బయాలజీ టీచర్‌ను ల్యాబ్‌కి కూడా రమ్మనండి.