శనివారం వర్క్‌షాప్: హాల్లో సోల్డరింగ్ వద్దంటున్నారు, అందరూ చూడండి

ఎస్ (గురువారం, సాయంత్రం 6:10)
నమస్కారం అందరికీ. శనివారం పిల్లల ఎలక్ట్రానిక్స్ వర్క్‌షాప్‌కి ఇంకా కన్సెంట్ ఫారాలు ప్రింట్ తీయాలి, పేర్ల స్టిక్కర్లు, ఎక్స్‌టెన్షన్ బోర్డులు, ప్రొజెక్టర్ కేబుల్, తలుపు దగ్గర ఒకరు, ఫొటోలకి ఒకరు కావాలి. ఎవరు ఏది చూస్తారో కింద రాయండి. అయితే దానికంటే ముందు ఇంకో గొడవ వచ్చి పడింది. హాల్ మేనేజర్ ఇప్పుడే మెయిల్ పెట్టారు, సోల్డరింగ్ ఐరన్లు, అదే లోహం కరిగించి భాగాలు అతికించే పనిముట్లు, లోపలికి తేవద్దట. స్మోక్ డిటెక్టర్లు మొత్తం బిల్డింగ్ అలారానికి కలిపి ఉన్నాయి, పైగా వేడి పనిముట్లకి వాళ్ళ ఇన్సూరెన్స్ వర్తించదట. కిటికీలు తీసి పెడతాం, చిన్న ఫ్యాన్ పెడతాం అని ఫోన్‌లో బతిమాలాను, ఒప్పుకోలేదు. 20 మంది పిల్లలు పేర్లిచ్చారు, రేపొక్క రోజే మిగిలింది.

వి (6:22)
స్టిక్కర్లు నేను చేస్తా అక్కా. మరి ఆ ఎల్‌ఈడీ బ్యాడ్జి కిట్లు? అవి సోల్డర్ చేస్తే తప్ప వెలగవు కదా.

ఆర్ (6:40)
హాల్ బుక్ చేసినప్పుడు ఐరన్ల సంగతి వాళ్ళకి చెప్పామా లేదా? పిల్లల ప్రోగ్రామ్ అని ఒక్క ముక్క రాసేసి ఊరుకుంటే ఇలాగే అవుతుంది. కిట్లన్నీ ఒక్కొక్కటీ తెరిచి, రెసిస్టర్లు లెక్కపెట్టి కవర్లలో వేసి కూర్చున్నాను ఇక్కడ. ఆఖరి నిమిషంలో తెలియడం ప్రతిసారీ ఉన్నదే.

ఎమ్ (6:58)
బాబూ, ఫారంలో "ఎలక్ట్రానిక్స్ శిక్షణ" అని స్పష్టంగా రాశాను, కాపీ నా దగ్గర ఉంది. ఐరన్లు వాడతారని నాకెవరు చెప్పారు? చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఇప్పుడు నన్నంటే ఏం లాభం. వేరే హాల్ దొరుకుతుందేమో అని అప్పటి నుంచీ ఫోన్లు చేస్తూనే ఉన్నాను, శనివారానికి ఎక్కడా ఖాళీ లేదు.

ఆర్ (7:03)
ఎలక్ట్రానిక్స్ అంటే సోల్డరింగ్ ఉంటుందని వేరే చెప్పాలా అంకుల్? అసలు ఆ పొగ లోహానిది కాదు, సోల్డర్‌తో పాటు ఉండే ఫ్లక్స్ అనే జిగురులాంటి పదార్థం కాలి వచ్చేది. అంత కొంచెం పొగకి అలారం మోగదు.

కె (7:15)
డిటెక్టర్‌కి ఆ తేడా తెలియదు తమ్ముడూ. మోగితే బిల్డింగ్‌లో వాళ్ళందరూ రోడ్డు మీదికొస్తారు, మళ్ళీ మనకి ఆ హాల్ ఇవ్వరు. ఇంకో మాట, కోపం తెచ్చుకోకు. ఎప్పుడూ బోర్డు ముట్టుకోని పదేళ్ళ పిల్లలకి మొదటి గంటలోనే 350 డిగ్రీల ఐరన్ చేతికివ్వడం నాకు మొదటి నుంచీ నచ్చలేదు. ఎల్‌ఈడీ తిరగేసి సోల్డర్ చేశారనుకో, అది ఊడదీయడం మనకే కష్టం, ఇక ఆ పిల్లవాడు మధ్యాహ్నమంతా ముఖం వేలాడేసుకుని కూర్చుంటాడు. అదే బ్రెడ్‌బోర్డు (సోల్డర్ లేకుండా వైర్లు గుచ్చే రంధ్రాల పలక) మీదైతే పీకి తిప్పి గుచ్చుతాడు, వెలుగుతుంది. తప్పు చేసి తనే దిద్దుకోవడంలోనే సగం చదువు ఉంది. బ్యాడ్జీల్లో కాయిన్ సెల్స్ (నాణెంలాంటి బుల్లి బ్యాటరీలు) కూడా ఉన్నాయి. వెంట వచ్చే బుజ్జి తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఒకటి మింగితే రెండు గంటల్లోనే లోపల కాలిపోయే ప్రమాదం ఉంది. ఆ కిట్లు ఈసారికి పక్కన పెట్టండి.

ఆర్ (7:19)
సరే, బ్రెడ్‌బోర్డు మీద బొమ్మలాట ఆడించి పంపేద్దాం. నేను రావక్కర్లేదు అయితే.

ఎస్ (7:21)
ఆర్, ఫోన్ చేస్తున్నా, ఎత్తు. మిగతావాళ్ళు దయచేసి కాసేపు ఆగండి.

ఆర్ (8:05)
అక్కతో మాట్లాడాను. అంకుల్, ఇందాక నోరు జారాను, మనసులో పెట్టుకోకండి. అసలు మధ్యాహ్నం ప్రోగ్రామింగ్‌కని తెప్పించిన పికో బోర్డులు (ప్రోగ్రామ్ ఎక్కించే బుల్లి కంప్యూటర్లు) ఉన్నాయి కదా, రోజంతా వాటితోనే నడిపిద్దాం. ముందు బోర్డు మీదున్న ఎల్‌ఈడీ ఆర్పి వెలిగించడం, తర్వాత బయట ఎర్ర ఎల్‌ఈడీ, తర్వాత బటన్, చివర్లో లైట్ సెన్సర్. ప్రోగ్రామ్ రాసేది మైక్రోపైథాన్ భాషలో కాబట్టి ఒక్క లైను మార్చగానే ఫలితం కనిపిస్తుంది, కంపైల్ అయ్యేదాకా ఎదురుచూసే పని లేదు. నీలం, తెలుపు ఎల్‌ఈడీలు తీసేయండి, వాటికి దాదాపు 3 వోల్టులు కావాలి, పికో ఇచ్చేది 3.3, మసగ్గా వెలిగి పిల్లలు పాడైపోయిందనుకుంటారు. ఎరుపుకి 2 వోల్టులు చాలు, కరెంటు తగ్గించే 220 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే 6 మిల్లీఆంపులు, పిన్నుకి ఏమీ కాదు.

ఎమ్ (8:11)
మనసులో ఏమీ లేదు బాబూ. మా గ్యారేజీ ఖాళీగానే ఉంది, ఏదన్నా పనుంటే రండి.

వి (8:34)
అన్నా, బోర్డుల డబ్బా ఇప్పుడే తెరిచాను. ఇవి పిన్నులు అతికించినవి కావు! బోర్డు విడిగా, పిన్నుల పట్టీలు విడిగా ఉన్నాయి. పిన్నులు లేకుండా బ్రెడ్‌బోర్డులో ఎలా నిలబెడతాం?

కె (8:36)
అయ్యో. ఒక్కోదానికి 40 పిన్నులు కదా, 20 బోర్డులంటే 800 జాయింట్లు సోల్డర్ చేయాలి. రేపు అందరం ఆఫీసులకి వెళ్ళాలి.

ఆర్ (8:52)
800 అక్కర్లేదు, ఆగండి. మనం వాడే పిన్నుల నంబర్లు రాసుకున్నాను. 19, 20 ఎల్‌ఈడీలకి, పక్కనున్న 18 గ్రౌండ్ (కరెంటు తిరిగి వెళ్ళే పిన్ను). 21 బటన్‌కి. 31 సెన్సర్ రీడింగ్‌కి, 33 దాని గ్రౌండ్. 36 నుంచి 3.3 వోల్టులు, 38 ఇంకో గ్రౌండ్. బోర్డు ఊగకుండా మూలన 1 కూడా వేద్దాం. మొత్తం తొమ్మిది, 20 బోర్డులకి 180. మిగతా పిన్నులు అతికించకుండా వదిలేస్తే తగిలీ తగలనట్టు ఉండి పిల్లల్ని సతాయిస్తాయి కాబట్టి పట్టకారుతో ముందే పీకేయాలి. ముఖ్యంగా 39, 40. అక్కడ యూఎస్‌బీ నుంచి వచ్చే 5 వోల్టులు ఉంటాయి, అవి పొరపాటున పక్క పిన్నుకి తగిలిస్తే బోర్డు పోతుంది. అంకుల్, రేపు సాయంత్రం గ్యారేజీ ఇస్తారా?

ఎమ్ (8:55)
తాళం తీసే ఉంటుంది. నేనూ కూర్చుంటాను, ఒకప్పుడు రేడియోలు విప్పిన చెయ్యే ఇది.

కె (9:01)
పిల్లలు ఆ బోర్డుల్ని చేతుల్తో పట్టుకుంటారు, సీసం ఉన్న సోల్డర్ మాత్రం వద్దు.

ఆర్ (9:04)
సీసం లేనిదే తెస్తాను అక్కా. అది 217 డిగ్రీలు దాటితే గానీ కరగదు, పాత ఐరన్లు కొంచెం మొండికేస్తాయి, పర్లేదు. పిన్నులు నిటారుగా నిలబడాలంటే ముందు వాటిని పాత బ్రెడ్‌బోర్డులో గుచ్చి పైన పికో పెట్టి అతికించాలి. కొత్తవి వాడొద్దు, వేడికి ప్లాస్టిక్ మెత్తబడుతుంది. పీకేసిన పిన్నులన్నీ కవర్లో దాచండి. ఎప్పుడైనా పెరట్లోనో పార్కులోనో సోల్డరింగ్ క్లాసు పెడితే వాళ్ళ బోర్డులకి వాళ్ళే అతికించుకుంటారు, బ్యాడ్జీలు కూడా అప్పుడే. ఆ క్లాసు మాత్రం నేనే చెప్తా.

కె (9:09)
ఆ క్లాసుకి మా ఇద్దరు పిల్లల పేర్లు ఇప్పుడే రాసుకో.

ఎస్ (శుక్రవారం, రాత్రి 9:48)
గ్యారేజీ నుంచి రాస్తున్నా. 17 బోర్డులు అయ్యాయి. ఎమ్ గారి జాయింట్లు మనందరికంటే నీటుగా ఉన్నాయి, ఆర్ ఒప్పుకోవడం లేదు. ఒక బోర్డుకి మాత్రం పిన్నులు పైవైపుకి అతికించేశాం, దాన్ని ప్రొజెక్టర్ దగ్గర చూపించడానికి వాడదాం. వి, మైక్రోపైథాన్ ఎక్కించడం నీ పనే.

వి (10:20)
ఎక్కిస్తున్నా అక్కా. బోర్డు మీది బటన్ నొక్కి పట్టుకుని కేబుల్ పెడితే పెన్ డ్రైవ్‌లా కనిపిస్తుంది, ఫైలు అందులోకి లాగితే చాలు. కానీ కొన్ని బోర్డులు అసలు కనిపించడం లేదు.

ఆర్ (10:24)
బోర్డు కాదు, కేబుల్ మార్చి చూడు. మనం పోగుచేసిన వాటిలో ఉత్త చార్జింగ్ కేబుళ్ళు ఉంటాయి, లోపల డేటా వైర్లే ఉండవు.

వి (10:41)
అవును అన్నా, కేబుల్‌దే. ఆరు పనికిరావు, ముడివేసి పక్కన పడేశాను. మంచివి 16 ఉన్నాయి, బోర్డులు 20. మైక్రో యూఎస్‌బీ కేబుల్, ఫైళ్ళు కాపీ అయ్యేది, ఇంట్లో ఎవరి దగ్గరైనా ఉంటే తీసుకురండి. పాత ఫోన్లవి, కెమెరాలవి వెతకండి.

కె (10:50)
నా దగ్గర రెండున్నాయి, కాపీ చేసి చూశాను, పనిచేస్తున్నాయి. ఇంకో సంగతి, బటన్ పాఠంలో ఒకసారి నొక్కితే రెండు మూడు లెక్కపడుతుంది, ఎందుకని పిల్లలు అడుగుతారు. వెంటనే చెప్పేయకండి. లోపల రేకు ఎగిరెగిరి తగులుతుందని వాళ్ళే ఊహిస్తారేమో చూద్దాం, తర్వాత 20 మిల్లీసెకన్లు ఆగమని రాయిద్దాం.

ఎమ్ (11:05)
మా అల్మారాలో ఒకటి దొరికింది, వి పరీక్షించి బాగుందన్నాడు. మిగిలిన మూడు బోర్డులకి ఐరన్ ఇంకా వేడిగానే ఉంది, ఆర్ అతికిస్తున్నాడు.

ఎస్ (11:12)
ఇంకొక్క కేబుల్ తక్కువ. దొరక్కపోతే ఇద్దరిని ఒక బోర్డు దగ్గర కూర్చోబెడదాం, ఒకరు టైప్ చేస్తే ఒకరు వైర్లు గుచ్చుతారు. ల్యాప్‌టాప్‌లు తెచ్చేవాళ్ళు థానీ (మైక్రోపైథాన్ రాసే సాఫ్ట్‌వేర్) ఈ రాత్రే ఇన్‌స్టాల్ చేసి, ఒకసారి తెరిచి చూసుకుని పడుకోండి, హాల్ వైఫైని నమ్ముకోవద్దు. ఎనిమిదిన్నరకి తలుపు తీస్తారు.