రెండు నోడ్ల (సర్వర్ల) పోర్టల్: ఒకచోట కొత్త పేజీ, ఇంకోచోట పాతదే

కొత్తకాపు: జావా పోర్టల్‌ను క్లౌడ్‌లో రెండు సర్వర్ల మీద పెట్టాను. ముందు వచ్చేవారిని రెండింటికీ పంచే లోడ్ బ్యాలెన్సర్, వెనుక ఒకే డేటాబేస్. విడివిడిగా రెండూ చక్కగా నడుస్తున్నాయి. కలిపితే మాత్రం ఒకదానిలో మార్చిన పేజీ రెండోదానిలో పాతదిగానే కనబడుతోంది. మధ్యమధ్య లాగిన్ కూడా పోతోంది. క్యాష్ (దాచిపెట్టుకున్న పాత కాపీలు) ఖాళీ చేస్తే కాసేపు బాగుంటుంది, మళ్లీ మొదటికే.

నిశాచరి: అది క్లస్టర్ (ఒక్కటిగా పనిచేసే సర్వర్ల గుంపు) కాదండీ, ఒకదాని ఉనికి ఒకదానికి తెలియని రెండు సర్వర్లు. లాగ్‌లో జేగ్రూప్స్ (సర్వర్లను ఒక గుంపుగా కలిపే జావా లైబ్రరీ) రాసే సభ్యుల వరుస చూడండి. పక్కన కుండలీకరణంలో 2 ఉండాలి. 1 ఉంటే అనుమానం మల్టీకాస్ట్ (ఒకే సందేశాన్ని గుంపంతటికీ ఒకేసారి పంపడం) మీదే. మామూలుగా జేగ్రూప్స్ యూడీపీ మల్టీకాస్ట్‌తో తోటివారిని వెతుకుతుంది, చాలా క్లౌడ్ నెట్‌వర్కులు దాన్ని మోయవు. టీసీపీకి (ఒక్కో సర్వర్‌తో నేరుగా మాట్లాడే పద్ధతికి) మారి జేడీబీసీ పింగ్ పెట్టండి. ప్రతి నోడూ తన చిరునామాను డేటాబేస్ పట్టికలో రాస్తుంది, మిగతావి చదువుకుంటాయి. టీసీపీ పింగ్ కూడా ఉంది కానీ అందులో ఐపీలు చేత్తో రాయాలి. సర్వర్లు వాటంతట అవే పెరిగి తగ్గేచోట దాని జోలికి వెళ్లకండి.

పాతచేయి: జేగ్రూప్స్ టీసీపీకి వాడే 7800 పోర్టు నోడ్ల మధ్య మాత్రమే తెరవండి, బయటికి కాదు. లాగిన్ గొడవ వేరు. స్టికీ సెషన్ (ఒక్కొక్కరినీ ఎప్పుడూ ఒకే సర్వర్‌కు పంపడం) పెడితే తగ్గుతుంది, కానీ ఆ నోడ్ పడిపోయిన క్షణాన దాని మీదున్నవారంతా బయటికే. నేను సెషన్లను (లాగిన్ అయినవారి వివరాలను) రెండు సర్వర్లూ కలిసి వాడుకునే నిల్వ అయిన రెడిస్‌లోకి మార్చాను. సెషన్‌లో దాచే ప్రతి ఆబ్జెక్టూ సీరియలైజబుల్ (బైట్లుగా మార్చి పంపగలిగేది) కావాలి. ఒక్క క్లాసు మరిచిపోయి ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నాను.

కొత్తకాపు: జేడీబీసీ పింగ్ పెట్టాను. పట్టికలో రెండు వరుసలూ వచ్చాయి, అయినా లాగ్‌లో 1 మాత్రమే. రెండు వరుసల్లోనూ చిరునామా 127.0.0.1 అని ఉంది.

నిశాచరి: దొరికింది. 127.0.0.1 అంటే ఏ సర్వర్‌కైనా తానే. హోస్ట్స్ ఫైలులో సర్వర్ పేరు ఆ చిరునామాకే కట్టి ఉంటుంది. రెండూ తమ ఇంటి తలుపే తట్టుకుంటున్నాయి! బైండ్ అడ్రస్‌గా (జేగ్రూప్స్ వాడుకోవలసిన సొంత చిరునామాగా) ప్రైవేటు ఐపీ ఇచ్చి, పాత వరుసలు తీసేసి, రెండింటినీ మళ్లీ మొదలుపెట్టండి.

గడియారం: వేళకు పనులు నడిపే షెడ్యూలర్‌గా క్వార్ట్జ్ వాడుతుంటే దానికీ క్లస్టర్ అమరిక విడిగా ఉంటుంది. మేము మరిచిపోతే వారపు మెయిల్ అందరికీ రెండేసి వెళ్లింది. సర్వర్ల గడియారాల మధ్య తేడా సెకను లోపే ఉండాలి. అప్‌లోడ్ చేసిన ఫైళ్లు ఎక్కడ పెడుతున్నారు?

కొత్తకాపు: 2 వచ్చింది! పేజీలు రెండుచోట్లా మారుతున్నాయి. ఫైళ్లంటారా, ఏ సర్వర్‌కు వెళ్తే దాని డిస్కులోనే. సగంమంది ఫొటోలు కనబడడం లేదని ఎందుకు మొత్తుకుంటున్నారో ఇప్పుడు తెలిసింది.