ఆదివారం కోచింగ్‌కి పంపడం విగ్రహారాధన అవుతుందా?

ఇంటర్ అబ్బాయి అమ్మ

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మా బాబు సీనియర్ ఇంటర్, ఎంపీసీ. ఈ ఏడాది కాలేజీలో ప్రతి ఆదివారం పొద్దున జేఈఈ టెస్టు పెడుతున్నారు. రాయకపోతే పై బ్యాచ్‌లోంచి తీసేస్తామన్నారు. దాంతో వాడు మందిరానికి రావడం ఆగిపోయింది. మొన్న ఉపవాస కూడికలో ఒక పెద్దాయన అందరి ముందూ, "నీ కొడుకు ర్యాంకే నీ విగ్రహం. దాన్ని పగలగొట్టేదాకా నీ ఇంటికి ఆశీర్వాదం లేదు" అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. పిల్లాడి చదువు చూసుకోవడం కూడా విగ్రహారాధనేనా? వాక్యప్రకారం చెప్పండి.

యూత్ లీడర్, రాజమండ్రి

అక్కా, ఆయన అన్న తీరు బాగాలేదు, కానీ విషయం నిజమే. యెహెజ్కేలు 14లో ఇశ్రాయేలు పెద్దలు వచ్చి ప్రవక్త ఎదుట కూర్చుంటారు. దేవుడి మాట వినడానికే వచ్చారు. అయినా వీళ్లు హృదయాల్లోనే విగ్రహాలు పెట్టుకున్నారని దేవుడు అంటాడు. క్రైస్తవ పరుగు వీరుడు ఎరిక్ లిడెల్ 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హీట్స్ (తొలి రౌండ్ పరుగులు) ఆదివారం పడ్డాయని ఆ పరుగే వదులుకున్నాడు. తర్వాత 400 మీటర్లలో బంగారు పతకం వచ్చింది. దేవుణ్ణి ముందు పెడితే మిగతాది ఆయనే చూసుకుంటాడు. టెస్టు మాన్పించండి.

నైట్ డ్యూటీ నర్సు

తమ్ముడూ, లిడెల్‌కి పతకం రాకపోయుంటే ఈ కథ చెప్పేవాడివా? ఆదివారం మందిరానికొస్తే దేవుడు ర్యాంకు చూసుకుంటాడంటే, ర్యాంకు కోసమే మందిరానికి రమ్మన్నట్టు కదా! విగ్రహం ఎక్కడికీ పోలేదు, దాని పక్కన దేవుణ్ణి నిలబెట్టాం, అంతే. నాకు చాలా ఆదివారాలు ఐసీయూలోనే గడిచిపోతాయి. ఒకడు ఒక దినాన్ని గొప్పగా ఎంచుతాడు, ఇంకొకడు అన్నీ సమానమంటాడు, ఎవరి మనసులో వారు రూఢిపరచుకోవాలని రోమా 14లో పౌలే రాశాడు.

గుంటూరు లూథరన్

నర్సమ్మ మాటకు ఆమెన్. ఇంకో సంగతి కూడా మనవాళ్లు మర్చిపోకూడదు. బడి గడప తొక్కనివ్వని రోజుల్లో మన తాతముత్తాతల్లో ఎంతోమందికి అక్షరం నేర్పింది మిషన్ బళ్లే. గుంటూరులో ఏసీ (ఆంధ్రా క్రిస్టియన్) కాలేజీ 1885లో మొదలైంది. సువార్త, చదువు మన ఇళ్లకు కలిసే వచ్చాయి. కూలికి పోయిన ఇంట్లోంచి ఒక ఇంజనీరు రావాలనుకునే తల్లిని విగ్రహారాధకురాలు అనడానికి నోరెలా వస్తుంది?

సండే స్కూల్ టీచర్

చదువు దేవుడిచ్చిందే అంటే ఒప్పుకుంటాను. కానీ దేవుడిచ్చింది కాబట్టి విగ్రహం కాదంటే ఒప్పుకోను. మోషే చేసిన ఇత్తడి సర్పం సంగతి చూడండి. చేయించింది దేవుడే, పాము కరిచిన జనం దాన్ని చూసి బతికారు కూడా. తరాలు గడిచాక వాళ్ల సంతతే దానికి ధూపం వేయడం మొదలుపెట్టారు. చివరికి హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేయాల్సొచ్చింది (2 రాజులు 18).

మరి ఎలా గుర్తుపట్టాలి? దేనికి ఎక్కువ టైమ్ ఇస్తున్నామన్న లెక్క పనికిరాదు. చంటిపిల్ల తల్లికి రోజంతా ఆ పిల్లతోనే సరిపోతుంది, అది విగ్రహమా? నేనైతే బలి ఏమిటని చూస్తాను. బెన్‌హిన్నోము లోయలో యూదా జనం సొంత పిల్లల్నే విగ్రహానికి బలిగా అగ్నికి ఇచ్చారని యిర్మీయా ఏడ్చి చెప్పాడు, అది నేను ఆజ్ఞాపించలేదు, నాకు తోచనైనా లేదని దేవుడు అన్నాడు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాక 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తల్లిదండ్రుల్ని నేను అనడం లేదు, ఆ ఫలితాల్లో తప్పులు దొర్లాయని కూడా తెలుసు. కానీ మార్కు తగ్గితే బతుకే లేదని ఒక పిల్లకు నేర్పిందెవరు? మనందరం.

అక్కా, టెస్టు మార్కుల మెసేజ్ మీ ఫోన్‌కి వస్తుంది కదా. అది తగ్గినరోజు వాడికి అన్నం పెట్టేటప్పుడు మీ మొహం ఎలా ఉంటుంది? రాత్రి ప్రార్థనలో "ర్యాంకు దయచెయ్యి" కాకుండా వాడి గురించి ఇంకేమైనా అడుగుతున్నారా? వీటికి మీరు మాకు జవాబు చెప్పనక్కర్లేదు, దేవుడికి చెప్పుకోండి. అసలు సంఘం కూడా చెప్పుకోవాలి. ఫలితాలొచ్చిన వారం సాక్ష్యం చెప్పమని మైకు ఎవరికిస్తున్నాం? ర్యాంకు వచ్చినవాళ్లకే. తప్పినవాడు వెనక వరసలో తల దించుకుని కూర్చుంటాడు. ఇదంతా చేసిన సంఘమే ఒక తల్లిని నిలబెట్టి "నీ విగ్రహం" అనడం నాకు చాలా బాధగా ఉంది.

ఆశీర్వాదం లేదని భయపెడితే విగ్రహం పడిపోదు, తెర వెనక్కి వెళ్తుంది. పన్నులు వసూలు చేసే జక్కయ్యతో ఆస్తిలో సగం ఇచ్చెయ్యమని ఎవరూ అనలేదు. యేసు తన ఇంటికి వచ్చిన సంతోషంలో తనే ఇచ్చాడు. ఆస్తి అమ్మమని ధనవంతుడైన యువకుడికి చెప్పినప్పుడు కూడా యేసు ముందు అతన్ని చూసి ప్రేమించాడని మార్కు 10లో ఉంది.

ఇంటర్ అబ్బాయి అమ్మ

టీచర్ గారూ, మొహం సంగతి మీరు అడిగారు, నేను మా బాబునే అడిగాను. "టెస్టు రాస్తానమ్మా, నాకు ఇంజనీరింగ్ ఇష్టమే. మార్కులొచ్చాక నువ్వు మాట్లాడటం మానేస్తావే, అదొక్కటీ వద్దు" అన్నాడు. ఏ బ్యాచ్‌లో ఉన్నా పర్వాలేదని వాడికి చెప్పాను. అలా చెప్పడానికి నాకు చాలా కష్టమైంది.

యూత్ లీడర్, రాజమండ్రి

దేవునికి స్తోత్రం అక్కా. లిడెల్ విషయంలో నర్సక్క మాట ఒప్పుకుంటున్నాను. కానీ ఆదివారాన్ని అంత తేలిగ్గా వదలను. సమాజంగా కూడుకోవడం మానవద్దని హెబ్రీ 10 చెబుతోంది. రెండేళ్లు సంఘం ముఖం చూడని పిల్లాడు హాస్టల్‌కి వెళ్లాక మళ్లీ వస్తాడని ఏంటి నమ్మకం? మా యూత్‌లో అలా కనపడకుండా పోయినవాళ్లున్నారు. అమ్మానాన్నలు దేన్ని వదులుకుంటారో చూసే పిల్లలు నేర్చుకుంటారు.

నైట్ డ్యూటీ నర్సు

ఇది మాత్రం నిజం తమ్ముడూ. అక్కా, టౌన్లో చాలా మందిరాల్లో తెల్లవారుజామున ఒక ఆరాధన, సాయంత్రం ఒకటి ఉంటున్నాయి. నేను డ్యూటీ దిగి సాయంత్రం ఆరాధనకే వెళ్తాను. మీ మందిరంలో లేకపోతే పాస్టర్ గారిని అడగండి. ఇలాంటి పిల్లలు మీ సంఘంలో ఇంకా ఉండే ఉంటారు, వాళ్ల అమ్మల్ని కూడా కలుపుకుని వెళ్లండి.